చుక్కల ఫొటోకి ముందు కొనాల్సింది టెలిస్కోప్ కాదు!

‘అన్నా, ముప్పై వేలు కూడబెట్టినా. నెబ్యులా ఫొటోలు తీయాలని ఉంది. ఏ టెలిస్కోప్ తీసుకోమంటావు?’

చిత్తూరు నుంచి ఓ బీటెక్ ఫైనలియర్ తమ్ముడు మొన్న ఫోన్ చేసి అడిగాడు. ఒకపక్క క్యాంపస్ ప్లేస్‌మెంట్లు నడుస్తున్నాయి. రెండు వేసవి సెలవుల్లో ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు అది. తప్పు వస్తువు కొంటే మళ్లీ చేతికి రాదు. అందుకే ‘ఇప్పుడే ఏదీ కొనొద్దు. ఒక్క నెల ఆగు’ అన్నాను.

ఆ మాట అనుభవంతో చెప్పిందే. కాలేజీ రోజుల్లో నేను కొన్న మొదటి టెలిస్కోప్ పెట్టె మీద ‘525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. లెక్క తప్పేం కాదు. 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌ని 4 మి.మీ. ఐపీస్‌తో భాగిస్తే 175. దానికి మూడు రెట్ల బార్లో లెన్స్ తగిలిస్తే 525. కానీ 70 మి.మీ. లెన్స్‌తో పనికొచ్చే గరిష్ఠ మాగ్నిఫికేషన్ 140 దగ్గర ఆగిపోతుంది. లెన్స్ వెడల్పుని మిల్లీమీటర్లలో తీసుకుని రెండుతో గుణిస్తే వచ్చే అంకె అది. ఆపైన కనిపించేదంతా మసకే. స్టాండ్ సంగతి సరేసరి. ముట్టుకుంటే చాలు, చంద్రుడు ఫ్రేములోంచి ఎగిరిపోయేవాడు. నెల తిరక్కుండానే అది అటక ఎక్కింది.

మీలో ఎవరికైనా ఈ సరదా ఉంటే ఆ అటక దాకా వెళ్లకుండా ఆపడానికే ఇది రాస్తున్నాను. చిన్న రిఫ్రాక్టర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి, మన తిరుపతి-చిత్తూరు ఆకాశం కింద వచ్చే ఇబ్బందులేంటి, ఉద్యోగాల వేటలో ఇది ఎంతవరకు ఉపయోగపడుతుంది... ఒక్కొక్కటిగా చూద్దాం.

మన ఆకాశం తక్కువేం కాదు

తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చిత్తూరు ఇంకాస్త దక్షిణాన. దీనివల్ల మనకో అదృష్టం ఉంది. ఐరోపా వాళ్లకి సరిగా అందని దక్షిణాకాశం మనకి మిద్దె మీది నుంచే కనిపిస్తుంది. ఒమేగా సెంటారీ అనే బ్రహ్మాండమైన నక్షత్రాల గుంపు ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ దిక్కున 29 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. కెరీనా నెబ్యులా కూడా 16 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో ఉన్నవాళ్లకి ఈ రెండూ ఎప్పటికీ ఉదయించవు.

ఈ సంగతి తెలిసే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు 1960ల్లో తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరుని ఎంచుకున్నారు. చిత్తూరు నుంచి గీత గీసినట్టు కొలిస్తే అది 80 కిలోమీటర్ల లోపే. అక్కడ 1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో పని మొదలైంది. 1986లో 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోప్ వచ్చింది. ఇప్పుడు అబ్జర్వేటరీకి, ఆ టెలిస్కోప్‌కి ఆయన పేరే ఉంది. బప్పు హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్నారు. వాళ్ల నాన్న పనిచేసింది నిజామియా అబ్జర్వేటరీలో. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌కి వెళ్లిన బప్పు, 1949లో తాను తీసిన ఓ ఫొటో ప్లేట్‌లోనే కొత్త తోకచుక్కని పట్టుకున్నారు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు.

ఆ నిజామియా కథ కూడా మనకి కావాల్సిందే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీశాయి. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీ హైదరాబాద్ వాటాకి వచ్చింది. దానికి వాడింది 8 అంగుళాల రిఫ్రాక్టర్ కెమెరా. ప్లేట్ మీద ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి, లక్షల నక్షత్రాలకి పట్టిక తయారు చేశారు. వాళ్లకి ఫొటోతో పని అయిపోలేదు, కొలతతో అయింది. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తొలి నెల: ఖర్చు సున్నా

ముందు ఓ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ట్రైపాడ్ అరువు తెచ్చుకోండి. కాలేజీ ఫొటోగ్రఫీ క్లబ్బులోనో, పెళ్లిళ్లకి ఫొటోలు తీసే స్నేహితుడి దగ్గరో దొరక్కపోదు. ఫోన్‌లో స్టెలేరియం యాప్ వేసుకోండి. చంద్రుడు లేని రాత్రి ఊరి బయటికి వెళ్లండి.

భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరుగుతుంది. అందుకే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. ఎన్ని సెకన్లు ఆగొచ్చో తెలుసుకోవడానికి ఓ మోటు లెక్క ఉంది. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. మామూలు కాలేజీ కెమెరాల్లో సెన్సర్ చిన్నది కాబట్టి దాన్ని మళ్లీ 1.6తో భాగించండి. 18 మి.మీ. లెన్స్‌తో 17 సెకన్లు, 50 మి.మీ. లెన్స్‌తో 6 సెకన్లు వస్తుంది. ఇలా ఓరియన్ బెల్టు దగ్గర ఓ వంద ఫొటోలు తీసి, ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి చూడండి.

ఈ నెల రోజుల్లో ఓ సంగతి తేలిపోతుంది. అర్ధరాత్రి దోమల మధ్య మూడు గంటలు కూర్చోవడం మీకు నచ్చుతుందా, లేదా? నచ్చకపోతే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. నచ్చితే ముందుకి కదులుదాం.

డబ్బులో పెద్ద వాటా మౌంట్‌కే

టెలిస్కోప్‌ని మోసే, ఆకాశంతో పాటు తిప్పే యంత్రాన్ని మౌంట్ అంటారు. కంటితో చూసేవాళ్లకి అది ఓ మాదిరిగా ఉన్నా నడుస్తుంది. ఫొటో తీసేవాళ్లకి నడవదు. ఎందుకో లెక్క చూడండి.

ఒక పిక్సెల్‌లో ఆకాశం ఎంత పడుతుందో తెలియాలంటే, పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 24 మెగాపిక్సెళ్ల మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో పిక్సెల్ 3.7 మైక్రాన్లు. 400 మి.మీ. టెలిస్కోప్‌కి తగిలిస్తే పిక్సెల్‌కి సుమారు 1.9 ఆర్క్‌సెకన్లు. ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతోంది కదా. అంటే మౌంట్ తిరగకపోతే ఒక్క సెకనులో చుక్క ఎనిమిది పిక్సెళ్లు జారిపోతుంది. లక్ష రూపాయల లెన్స్ పెట్టినా వచ్చేది గీతే.

అందుకే ఆల్ట్-అజిమత్ అనే పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే స్టాండ్లు ఈ పనికి సరిపోవు. ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. దాని ఒక ఇరుసు ధ్రువం వైపు చూస్తుంది. ఆ ఒక్క ఇరుసుని మోటార్‌తో నెమ్మదిగా తిప్పితే చుక్క కదలకుండా నిలబడుతుంది. దీనిలోనే చిన్న రకాన్ని స్టార్ ట్రాకర్ అంటారు.

ఇక్కడ చూడాల్సింది మోసే బరువు. కంపెనీ 5 కిలోలు అని రాస్తే ఫొటోల కోసం అందులో సగం నుంచి మూడింట రెండొంతులే లెక్కలోకి తీసుకోండి. 72 మి.మీ. ఈడీ ట్యూబ్, రింగులు కలిపితే రెండు కిలోల పైనే. కెమెరా, ఫ్లాటెనర్, గైడ్ స్కోప్ కలిస్తే మూడున్నర దాటుతుంది. అంటే 5 కిలోల ట్రాకర్‌కి అది ఎక్కువే. ఆ ట్రాకర్ మీద 50, 60 మి.మీ. ట్యూబ్ హాయిగా కూర్చుంటుంది. 80 మి.మీ. కావాలంటే 10 కిలోలు మోసే మౌంట్‌కి వెళ్లాల్సిందే.

ట్యూబ్ ఎలాంటిది?

అద్దంతో పనిచేసే న్యూటోనియన్‌లో అదే డబ్బుకి ఎక్కువ వెడల్పు వస్తుంది, నిజమే. కానీ అద్దాల అమరికని తరచూ సరిచూసుకోవాలి. గాలికి ఊగుతుంది. బస్సులో తీసుకెళ్లలేరు. చిన్న రిఫ్రాక్టర్ కాలేజీ బ్యాగులో పట్టేస్తుంది, తీసి బిగిస్తే చాలు. కొత్తవాళ్లకి దాన్నే చెప్పడానికి కారణం ఇదే. కొనేముందు నాలుగు సంగతులు చూసుకోండి.

గాజు: మామూలు ఆక్రోమాట్ లెన్స్ రెండు రంగుల్ని మాత్రమే ఒక చోటికి తెస్తుంది. ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ ఊదారంగు వలయం మిగిలిపోతుంది. ఈడీ గాజు వాడిన డబ్లెట్‌లో ఇది బాగా తగ్గుతుంది. మూడు కటకాల అపోక్రోమాట్‌లో దాదాపు కనిపించదు గానీ ధర, బరువు రెండూ పెరుగుతాయి. ఎఫ్‌పీఎల్-51, ఎఫ్‌పీఎల్-53 అని రాసి ఉంటే అవి ఈడీ గాజు రకాలు. 53 ఇంకా మెరుగు. మొదటి ట్యూబ్‌గా మంచి ఈడీ డబ్లెట్ చాలు.

ఎఫ్ నిష్పత్తి: ఫోకల్ లెంగ్త్‌ని లెన్స్ వెడల్పుతో భాగిస్తే వస్తుంది. 60 మి.మీ. వెడల్పు, 360 మి.మీ. పొడవైతే ఎఫ్/6. ఈ అంకె తగ్గేకొద్దీ ఫొటో త్వరగా నిండుతుంది. 5 నుంచి 7 మధ్య ఉంటే మంచిది.

ఎంత ఆకాశం పడుతుంది: 400 మి.మీ. ట్యూబ్‌కి మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ పెడితే ఫ్రేములో 3.2 డిగ్రీల వెడల్పు, 2.1 డిగ్రీల ఎత్తు పడుతుంది. నిండు చంద్రుడు అర డిగ్రీయే. ఆండ్రోమెడా గెలాక్సీ 3 డిగ్రీల పొడవు, అంటే ఇంచుమించు ఫ్రేము నిండా. కృత్తికలు, ఓరియన్ నెబ్యులా, ఒమేగా సెంటారీ చక్కగా సరిపోతాయి. శనిగ్రహం వలయాలు, గురుడి మీది చారలు మాత్రం దీనితో ఆశించకండి. అక్కడికి చాలా పొడవైన ఫోకల్ లెంగ్త్ కావాలి.

ఫోకసర్, ఫ్లాటెనర్: కెమెరా తగిలించాక ఫోకసర్ కిందికి జారకూడదు. లాక్ స్క్రూ ఉందో లేదో చూడండి. చిన్న రిఫ్రాక్టర్‌లో మధ్యలో చుక్కలు గుండ్రంగా, మూలల్లో సాగినట్టుగా వస్తాయి. దాన్ని సరిచేసేదే ఫీల్డ్ ఫ్లాటెనర్. చాలా ఫ్లాటెనర్లకి సెన్సర్ వెనక 55 మి.మీ. దూరంలో ఉండాలి. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో బాడీ లోతు 44, టీ-రింగ్ 11 కలిపితే సరిగ్గా 55. వేరే కెమెరా అయితే ఆ కంపెనీకి తగ్గ టీ-రింగే కొనండి. ఇక్కడ రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా మూలలు పాడవుతాయి.

ట్రాకర్, ఈడీ ట్యూబ్, ఫ్లాటెనర్, కెమెరా... అన్నీ కొత్తవి కొంటే లక్ష దాటిపోతుంది. ఉద్యోగం రాకముందే ఈఎంఐ పెట్టి ఇవి కొనకండి. నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. కెమెరా అరువు, ట్రాకర్ సెకండ్‌హ్యాండ్, ట్యూబ్ బదులు పాత 135 లేదా 200 మి.మీ. కెమెరా లెన్స్... ఇలా మొదలుపెట్టినా నేర్చుకోవాల్సిందంతా నేర్చుకోవచ్చు. ట్యూబ్ మొదటి జీతం దాకా ఆగగలదు. నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కున్నా తప్పులేదు. మేఘాలు లేని రాత్రులు నలుగురికీ సరిపడా వస్తాయి.

మరి అన్నీ ఒకే డబ్బాలో ఉండే స్మార్ట్ టెలిస్కోపులో? ఫోన్‌లో నొక్కితే అవే వెతికి, అవే కలిపి ఫొటో ఇచ్చేస్తాయి. సీస్టార్ ఎస్50 లాంటివి 50 మి.మీ. లెన్స్‌తోనే బాగా పనిచేస్తున్నాయి. ఫొటో మాత్రమే కావాలంటే అదే తేలిక దారి. పని నేర్చుకోవాలంటే మాత్రం మన చేతులతో బిగించుకోవాలి.

ధ్రువ నక్షత్రం కొండ వెనక!

ఇక బిగించడం. వరస ఇలా పెట్టుకోండి. ట్రైపాడ్ కాళ్లు పొట్టిగా పెట్టి, మట్టం చూసుకోండి. మధ్యలో ఓ సంచిలో రాయి వేలాడదీస్తే గాలికి కదలదు. కౌంటర్‌వెయిట్ ఎక్కించాకే ట్యూబ్ ఎక్కించండి. తీసేటప్పుడు ముందు ట్యూబ్, తర్వాత కౌంటర్‌వెయిట్. కెమెరా కూడా తగిలించిన తర్వాతే రెండు ఇరుసుల బ్యాలన్స్ చూడండి.

తర్వాతది పోలార్ అలైన్‌మెంట్. యూట్యూబ్‌లో చూసే వీడియోలన్నీ ‘ధ్రువ నక్షత్రాన్ని చూసి సరిచేయండి’ అంటాయి. మన దగ్గర అదే పెద్ద చిక్కు. ఏ ఊళ్లో ఉంటే ఆ అక్షాంశం ఎంతో, ధ్రువ నక్షత్రం దాదాపు అంత ఎత్తులోనే ఉంటుంది. అంటే మనకి 13 డిగ్రీల చిల్లర. చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలు అనుకుంటే, పిడికిలిన్నర కూడా లేదు. తిరుపతిలో ఉత్తరాన ఉన్నది శేషాచలం కొండలు. అలిపిరి చుట్టుపక్కల మిద్దెల మీద నిలబడితే ధ్రువ నక్షత్రం కొండ వెనకే ఉండిపోతుంది. కొండ అడ్డం లేకపోయినా అంత కిందికి ఉంటే దుమ్ములో, పొగమంచులో మసకబారుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, ఉత్తరం తెరిపిగా ఉన్న మైదానానికి వెళ్లడం. రెండు, నీనా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మూడు బిందువుల అలైన్‌మెంట్ వాడటం. ఆకాశంలో ఎటువైపైనా మూడు ఫొటోలు తీస్తే మౌంట్ ఎంత తప్పిందో అదే చెబుతుంది, ధ్రువ నక్షత్రం కనిపించనక్కర్లేదు. దీనికి ల్యాప్‌టాప్ కావాలి. మూడోది పాత పద్ధతి, డ్రిఫ్ట్ అలైన్‌మెంట్. దక్షిణాన నడినెత్తి గీత దగ్గర ఓ చుక్కని, తూర్పున కింద ఓ చుక్కని పెట్టి, అవి ఎటు జారుతున్నాయో చూస్తూ మౌంట్‌ని కొద్దికొద్దిగా సరిచేయాలి. గంట పడుతుంది. కానీ ఒకసారి చేస్తే ఆకాశం ఎలా తిరుగుతుందో జన్మలో మరిచిపోరు.

ఇంకో సంగతి. మౌంట్ ఇంత తక్కువ అక్షాంశానికి వంగితే కొన్ని మోడళ్లలో కౌంటర్‌వెయిట్ రాడ్ ఉత్తరం వైపున్న ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనేముందే అమ్మేవాళ్లని ‘13 డిగ్రీలకి దిగుతుందా, రాడ్ తగలదా’ అని అడగండి. తగిలేటట్టయితే మధ్యలో పెట్టే ఎక్స్‌టెన్షన్ పిల్లర్‌తో సర్దుకుంటుంది.

ఫోకస్ కోసం ప్రకాశవంతమైన ఓ చుక్క మీద పెట్టి, లెన్స్ ముందు బాటినోవ్ మాస్క్ తగిలించండి. మూడు గీతలు కనిపిస్తాయి. మధ్య గీత సరిగ్గా నడిమికి వస్తే ఫోకస్ కుదిరినట్టే. అట్టముక్క కత్తిరించి కూడా దీన్ని చేసుకోవచ్చు. కెమెరాలో రా ఫార్మాట్, మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 800 లేదా 1600, ఎక్స్‌పోజర్ 30 నుంచి 60 సెకన్లు. ఇంటర్వలోమీటర్ పెట్టి వదిలేయండి.

ఒక హెచ్చరిక: ఫిల్టర్ లేకుండా టెలిస్కోప్‌ని సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకండి. కన్ను పోతుంది. సౌర ఫిల్టర్ లెన్స్ ముందు భాగాన పూర్తిగా కప్పేది అయి ఉండాలి, ఐపీస్‌కి తగిలించేది కాదు.

ఎప్పుడు, ఎక్కడ?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన రాత్రుల్ని మింగేస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మన సీజన్. జనవరి, ఫిబ్రవరిలో కృత్తికలు, ఓరియన్ నెబ్యులా. మార్చిలో కెరీనా. ఏప్రిల్, మేలో ఒమేగా సెంటారీ. మామూలు కెమెరాల్లో ఉండే ఫిల్టర్ 656 నానోమీటర్ల ఎర్ర కాంతిని చాలావరకు ఆపేస్తుంది. అందుకే పూర్తిగా ఎర్రగా ఉండే నెబ్యులాలు మసకగా వస్తాయి. మొదట్లో కృత్తికలు, ఓరియన్, ఒమేగా సెంటారీ చాలు.

తిరుపతి దీపాలు, పైన తిరుమల దీపాలు, ఆగ్నేయాన చెన్నై వెలుగు... పట్నంలో ఆకాశం బూడిద రంగులోనే ఉంటుంది. పడమటికి వెళ్లేకొద్దీ నయం. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 4,000 అడుగుల పైన ఉంది, దుమ్ము తక్కువ. శీతాకాలం లెన్స్ మీద మంచు పడుతుంది కాబట్టి యూఎస్‌బీతో పనిచేసే హీటర్ పట్టీ తీసుకెళ్లండి. తలకోన వైపు అడవిలో రాత్రిపూట అనుమతి లేకుండా ఉండకూడదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల్లోకి వస్తుంటాయి. శేషాచలం అంచుల్లో చిరుతలు తిరుగుతాయి. ఒంటరిగా వెళ్లొద్దు. తెలిసినవాళ్ల పొలమో, ఊళ్లో బంధువుల మిద్దెనో చూసుకోండి. పొలం యజమానికి ముందే చెప్పండి. ‘ఏంది నాయనా ఆ గొట్టం?’ అని అడిగిన పెద్దాయనకి ముందుగా చంద్రుణ్ని చూపించండి. మరుసటి వారం ఆయనే ‘ఈ పొద్దు రాలేదేం?’ అని అడుగుతాడు.

ఫొటో పుట్టేది పొద్దున్నే

రాత్రి తెచ్చిన ఒక్కో ఫ్రేములో కనిపించేది నల్లటి తెర, నాలుగు చుక్కలు. అసలు పని కంప్యూటర్ ముందు. ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే నక్షత్రాల కాంతి నిలబడుతుంది, నాయిస్ తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? ఫ్రేముల సంఖ్య వర్గమూలం మేరకు. 15 ఫ్రేముల బదులు 60 తీస్తే సిగ్నల్, నాయిస్‌ల నిష్పత్తి రెట్టింపవుతుంది. ఇంకో రెట్టింపు కావాలంటే 240 తీయాలి. పిండి కొద్దీ రొట్టె.

వీటితోపాటు మూడు రకాల ఫ్రేములు కావాలి. మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో తీసేవి డార్కులు. సెన్సర్ వేడి వల్ల వచ్చే చుక్కల్ని ఇవి తీసేస్తాయి. తెల్ల టీషర్ట్ కప్పి తెల్లవారి ఆకాశం వైపు పెట్టి తీసేవి ఫ్లాట్లు. దుమ్ము మచ్చలు, మూలల చీకటి వీటితో పోతాయి. మూత పెట్టి అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసేవి బయస్‌లు. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ రెండూ ఈ లెక్కలన్నీ ఉచితంగా చేస్తాయి.

రెజ్యూమెలో ఏం రాస్తారు?

టెలిస్కోప్ కొన్నంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ‘హాబీలు: ఆస్ట్రోఫొటోగ్రఫీ’ అని రాస్తే ఇంటర్వ్యూలో ఓ చిరునవ్వు దొరుకుతుంది, అంతే. ఇక్కడే నిజామియా వాళ్ల మాట గుర్తు చేసుకోవాలి. ఫొటోని కొలతగా మార్చండి.

ఉదాహరణకి ఆల్గాల్ అనే నక్షత్రం ఉంది. సుమారు 2 రోజుల 21 గంటలకోసారి దాని వెలుగు తగ్గుతుంది. ఒక నక్షత్రం ఇంకోదానికి అడ్డం వస్తుంది కాబట్టి. 2.1 మాగ్నిట్యూడ్ నుంచి 3.4 దాకా పడిపోతుంది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, 50 మి.మీ. లెన్స్ ఉంటే చాలు. కొంచెం ఫోకస్ తప్పించి, చుక్క తెల్లగా మాడిపోకుండా పది నిమిషాలకో ఫొటో తీయండి. పక్కనున్న మారని నక్షత్రాలతో పోల్చి, పైథాన్‌లో ఆస్ట్రోపై, ఫోటుటిల్స్ లైబ్రరీలతో వెలుగు కొలవండి. గ్రాఫ్ గీయండి. లోయలా కిందికి దిగి పైకి లేచే ఆ గీత మీ సొంత డేటా. కోడ్, రా ఫైళ్లు, చేసిన తప్పులు అన్నీ గిట్‌హబ్‌లో పెట్టండి. మారే నక్షత్రాల మీద ఔత్సాహికుల కొలతల్ని 1911 నుంచి సేకరిస్తున్న ఏఏవీఎస్ఓ అనే సంస్థకి పంపండి. డీఎస్‌ఎల్‌ఆర్ కొలతలు కూడా వాళ్లు తీసుకుంటారు.

ఇప్పుడు రెజ్యూమెలో రాయడానికి నిజమైన పని ఉంది. నాయిస్ అంటే ఏంటి, క్యాలిబ్రేషన్ ఎందుకు, అవుట్‌లయర్‌ని ఎలా తీసేశారు, ఎర్రర్ బార్ ఎంత... ఇమేజ్ ప్రాసెసింగ్, కంప్యూటర్ విజన్, డేటా అనాలిసిస్ ఇంటర్వ్యూల్లో అడిగేవి ఇలాంటివే. పుస్తకంలో చదివి చెప్పేవాడికీ, రాత్రంతా కూర్చుని ఆ నాయిస్‌తో కుస్తీ పట్టినవాడికీ తేడా రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. నన్ను ఓ ఇంటర్వ్యూలో అరగంటసేపు ప్రశ్నించింది ప్రాజెక్టు రిపోర్టు మీద కాదు, ఫ్లాట్ ఫ్రేములు ఎందుకు పనిచేయలేదన్న నా నోట్సు మీద.

పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఇంకా దగ్గరి దారులున్నాయి. తిరుపతి-చిత్తూరు దారిలోని గాదంకిలో అంతరిక్ష విభాగం కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1,024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్‌తో పాటు అక్కడ లైడార్లున్నాయి. లేజర్ కాంతిని పైకి పంపి, వెనక్కొచ్చిన మసక వెలుగుని టెలిస్కోప్‌తో పట్టుకుంటారు. మీరు మిద్దె మీద చేసిన పనికి అది పెద్దన్న. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ ఉండనే ఉంది. భౌతికశాస్త్రం చదివినవాళ్లు జామ్, జెస్ట్, గేట్ రాసి పీహెచ్‌డీ దారి పట్టొచ్చు. కావలూరుని నడిపే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కి జెస్ట్ ఓ ద్వారం. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో కరోనాని చూసే వెల్క్ పరికరాన్ని తయారు చేసింది ఆ సంస్థే. అలాంటి పరికరాల పనిలో ఆప్టిక్స్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్, సాఫ్ట్‌వేర్ వాళ్లందరూ కావాలి.

ఆ తమ్ముడు ఏం చేశాడు?

చిత్తూరు తమ్ముడు నెల ఆగాడు. కాలేజీ కెమెరా అరువు తీసుకుని, గుడిపాల దగ్గర వాళ్ల మామ పొలంలో నాలుగు రాత్రులు కూర్చున్నాడు. మూడు రాత్రులు మబ్బు. నాలుగో రాత్రి తీసిన ఓరియన్ ఫొటో పంపాడు. మూలల్లో చుక్కలు సాగి ఉన్నాయి, ఫోకస్ కాస్త తప్పింది. కింద ఓ ప్రశ్న: ‘అన్నా, ఫ్రేములు పెంచుతా ఉంటే మొదట్లో బాగా మెరుగైంది, తర్వాత అంతగా మారలేదు. ఎందుకు?’

వర్గమూలం సంగతి చెప్పాను. ముప్పై వేలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయట. సెకండ్‌హ్యాండ్ ట్రాకర్ కోసం వెతుకుతున్నాడు. ట్యూబ్ ఆఫర్ లెటర్ వచ్చాక చూస్తాడట.

మీరూ అంతే చేయండి. క్యాలెండర్ తీసి వచ్చే అమావాస్య ఎప్పుడో చూడండి. కెమెరా ఎవరిని అడగాలో ఇవాళే ఆలోచించుకోండి.